మురుగునీరు పారే భూముల్లో సాగు: భార లోహాలను కనిపెట్టి, పోషకాలతో కట్టడి చేసే పద్ధతి

హైదరాబాద్ దిగువన మూసీ వెంట పీర్జాదిగూడ, కొర్రెముల, ఏదులాబాద్ వైపు వరి, పారాగడ్డి (పశువుల మేత), ఆకుకూరలు పండించే రైతులూ, పటాన్‌చెరు పరిసరాల్లో నక్కవాగు నీటి ప్రభావం ఉన్న భూముల వారూ తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: "మా నేలలో లోహాలు ఉన్నాయంటున్నారు, ఏం వేస్తే పోతాయి?" ఏది వేసినా లోహం పోదు. యూరియా ఆవిరై పోవచ్చు, పురుగుమందు కాలక్రమంలో విచ్ఛిన్నం కావచ్చు గాని, కాడ్మియం, సీసం వంటి మూలకాలు విచ్ఛిన్నమయ్యేవి కావు. మన చేతిలో ఉన్నది, అవి నేలలో కదలకుండా, వేరులోకి ఎక్కకుండా, ఎక్కినా మనం తినే భాగానికి చేరకుండా చూడడమే.

అందుకు పాటించవలసిన వరుసను కింద ఇస్తున్నాను. ఈ వరుస తప్పితే, అంటే పరీక్షకు ముందే సున్నమో జింకో చల్లితే, మేలుకు బదులు కీడు జరిగే సందర్భాలు కూడా ఉన్నాయి.

1. ముందుగా అర్థం చేసుకోవలసింది: లోహం ఏ దారిన ఎక్కుతుంది

మొక్కకు 17 మూలకాలు అవసరం. వాటిలో ఇనుము, మాంగనీసు, జింకు, రాగి, నికెల్ వంటివి కొద్ది మోతాదులో పోషకాలు, మోతాదు మించితే విషాలు. కాడ్మియం, సీసం, ఆర్సెనిక్, పాదరసం మాత్రం పైరుకు ఏ మోతాదులోనూ పనికిరావు. పనికిరానిదాన్ని వేరు ఎందుకు తీసుకుంటుందంటే, దాని కోసం వేరులో ప్రత్యేకమైన దారి లేకపోయినా, పోషకాల కోసం ఉన్న దారుల్లోనే అది దూరుతుంది గనుక.

- కాడ్మియం: జింకు, ఇనుము, మాంగనీసు వెళ్లే దారుల్లో.
- తడి ఆరిన నేలలోని ఆర్సెనిక్ (ఆర్సెనేట్ రూపం): భాస్వరం దారిలో.
- నీరు నిలిచిన వరి మడిలోని ఆర్సెనిక్ (ఆర్సెనైట్ రూపం): సిలికాన్ దారిలో.
- ఆరు సంయోజకత గల క్రోమియం (క్రోమియం రూపాల్లో ఎక్కువ ప్రమాదకరమైనది): గంధకం దారిలో.
- సీసం: ఎక్కువ భాగం వేరులోనే చిక్కుకుంటుంది. ఆకులపై కనిపించే సీసంలో చాలావరకు దుమ్ముగా పైనుంచి పడినదే.

కాబట్టి ఇనుము, జింకు కరువైన పైరు వాటి కోసం తలుపులు బార్లా తెరిచి పెట్టుకుంటుంది, ఆ సందులో కాడ్మియం లోపలికి వస్తుంది. పోషక లోపాన్ని సరిచేయడమూ లోహాన్ని కట్టడి చేయడమూ ఒకే పనిగా మారేది ఇక్కడే.

2. నీటి లెక్క వేసుకోండి

నేల కంటే ముందు నీటిని పరీక్షించాలి. నేలలో చేరినదాన్ని తీయలేము, చేరబోయేదాన్ని మాత్రం ఆపగలము. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి, కాలువ మధ్యలో పారే నీటిని పట్టాలి. లోహాల పరీక్ష కోసం సీసాలో ఆమ్లం కలపవలసి ఉంటుంది గనుక సీసాను ప్రయోగశాల నుంచే తెచ్చుకోవడం మంచిది.

సాగునీటికి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1985లో ప్రచురించిన గరిష్ఠ స్థాయులు, లీటరుకు మిల్లీగ్రాములలో:

- కాడ్మియం 0.01
- క్రోమియం 0.10
- ఆర్సెనిక్ 0.10
- నికెల్ 0.20
- రాగి 0.20
- జింకు 2.0
- సీసం 5.0

ఈ అంకెల అర్థం తెలియాలంటే ఒక లెక్క వేయాలి. ఎకరాకు ఏడాదిలో మొత్తం ఒక మీటరు లోతు నీరు పెడితే అది సుమారు 40 లక్షల లీటర్లు. ఆ నీటిలో కాడ్మియం సరిగ్గా 0.01 మి.గ్రా. ఉంటే ఏడాదికి ఎకరాలో 40 గ్రాములు చేరుతుంది. ఎకరా నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. అంటే కిలో మట్టికి ఏటా 0.045 మి.గ్రా. పెరుగుదల. ఈ లెక్కన కిలోకు ఒక మి.గ్రా. పెరగడానికి 22 ఏళ్లు పడుతుంది. రెండు కార్లు వరి పెట్టి రెట్టింపు నీరు పారిస్తే 11 ఏళ్లు చాలు. "పరిమితి లోపలే ఉంది" అన్న మాట ఒక్క ఏడాదికి సరిపోతుందే గాని, తరం పాటు పారే నీటికి సరిపోదు.

అదే నీటిలో పోషకాలు కూడా వస్తాయి. మురుగునీటిలో లీటరుకు 20 మి.గ్రా. నత్రజని ఉన్నా, పై లెక్క ప్రకారం ఎకరాకు ఏటా 80 కిలోల నత్రజని ఉచితంగా పారుతున్నట్టే. ఒక కారు వరికి ఎకరాకు కావలసినది సుమారు 40 నుంచి 60 కిలోలే. ఇది తెలియక అందరిలాగే యూరియా బస్తాలు వేయడం వల్ల పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది, పైరును పీల్చే సుడిదోమ ఉధృతమవుతుంది. నీటిలోని నత్రజనిని కూడా పరీక్షలో అడిగి, ఆ మేరకు ఎరువు తగ్గించాలి.

3. మట్టి నమూనా తీసే తీరు

మామూలు మట్టి నమూనాకూ లోహాల నమూనాకూ రెండు తేడాలున్నాయి. మొదటిది పనిముట్లు: జింకు పూత ఉన్న బకెట్టు, తుప్పు పట్టిన పార వాడితే వాటి లోహమే నివేదికలోకి వస్తుంది. రెండవది నమూనా తీసే చోటు. నీరు మడిలోకి దిగే మొగ దగ్గర వేగం తగ్గి, బురదతో పాటు లోహాలు అక్కడే ఎక్కువగా పేరుకుంటాయి, మడి చివరికి వెళ్లేకొద్దీ తగ్గుతాయి. మొత్తం మడిని కలిపి ఒకే నమూనా తీస్తే ఈ తేడా కలిసిపోతుంది.

నమూనా తీసేటప్పుడు సరిచూసుకోవలసినవి:

- ప్లాస్టిక్ బకెట్టు, స్టెయిన్‌లెస్ స్టీలు లేదా కర్ర పనిముట్టు.
- మొగ వైపు భాగానికి ఒకటి, మిగతా మడికి ఒకటి, వేర్వేరు నమూనాలు.
- ఒక్కో భాగంలో వంకరటింకరగా 10 నుంచి 15 చోట్ల, "వి" ఆకారంలో 15 సెం.మీ. గుంట తీసి, గోడ వెంట పైనుంచి కిందికి ఒకే మందంలో మట్టి.
- గట్ల పక్కన, చెట్ల కింద, పెంట కుప్పలున్న చోట, రోడ్డు అంచున తీయకూడదు.
- బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ అర కిలోకు తేవాలి.
- నీడలోనే ఆరబెట్టాలి. ఎరువుల సంచిలో వేయకూడదు.
- మురుగునీరు ఎప్పుడూ పారని, అదే రకం నేల ఉన్న పొలం నుంచి పోలిక కోసం మరొక నమూనా.

చివరి అంశాన్ని చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో అదే అన్నిటికంటే విలువైనది. బసాల్టు రాతి నుంచి ఏర్పడిన నల్లరేగడి నేలల్లో రాగి, నికెల్, క్రోమియం సహజంగానే ఎక్కువగా ఉంటాయి. పోలిక నమూనా లేకపోతే రాతి నుంచి వచ్చినదేదో, కాలువ నుంచి వచ్చినదేదో తేల్చలేము.

4. ఏ పరీక్షలు అడగాలి, అంకెలు ఎలా చదవాలి

భూసార ఆరోగ్య కార్డులో 12 అంశాలుంటాయి: ఉదజని సూచిక (pH, అంటే నేల ఆమ్ల, క్షార గుణం), లవణ పరిమాణం, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. ఇందులో కాడ్మియం, సీసం, ఆర్సెనిక్, క్రోమియం లేవు. "కార్డులో అంతా బాగానే ఉంది" అంటే లోహాలు లేవని అర్థం కాదు. వాటికోసం గుర్తింపు పొందిన ప్రయోగశాలలో విడిగా అడగాలి.

లోహాలకు రెండు రకాల అంకెలు ఉంటాయి. "మొత్తం" అంకె నేలలో ఎంత పేరుకుందో చెబుతుంది. "లభ్య" అంకె పైరుకు ఎంత అందుబాటులో ఉందో చెబుతుంది. ఈ రెండూ కావాలి. క్రోమియం విషయంలో ఆరు సంయోజకత గల రూపాన్ని విడిగా కొలవమనాలి. మూడు సంయోజకత గల రూపం అంత ప్రమాదకారి కాదు గనుక, మొత్తం క్రోమియం అంకె ఒక్కటే చూసి భయపడీ ప్రయోజనం లేదు, ధీమా పడీ ప్రయోజనం లేదు.

డి.టి.పి.ఎ. పద్ధతిలో (ఆ పేరుగల రసాయన ద్రావణంతో మట్టిలోని లభ్య భాగాన్ని తీసి కొలిచే పరీక్ష) సూక్ష్మ పోషకాల లోపానికి వాడుకలో ఉన్న సంధి స్థాయులు కిలో మట్టికి మి.గ్రా.లలో: జింకు 0.6, ఇనుము 4.5, మాంగనీసు 2.0, రాగి 0.2. ఇంతకంటే తక్కువైతే లోపం ఉన్నట్టు.

మొత్తం లోహాలకు పోల్చుకోవడానికి ఐరోపా దేశాల 1986 నాటి ఆదేశంలోని పరిధులు (కిలో మట్టికి మి.గ్రా.లలో) ఉపయోగపడతాయి: కాడ్మియం 1–3, సీసం 50–300, నికెల్ 30–75, రాగి 50–140, జింకు 150–300. కింది అంకెకు లోపల ఉంటే మామూలు జాగ్రత్తలు చాలు. రెండు అంకెల మధ్య ఉంటే కింద చెప్పే చర్యలన్నీ పాటించాలి. పై అంకె దాటితే తిండి పంటలు మానుకోవడమే మేలు.

5. ఆకును చూసి లోపమో విషమో తేల్చడం

ఆకు ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోకూడదు. కాడ్మియం, నికెల్, రాగి ఎక్కువైనప్పుడు లేత ఆకుల ఈనెల మధ్య పసుపు వస్తుంది, ఇనుము లోపమూ అలాగే కనిపిస్తుంది. తేడా వేరులో దొరుకుతుంది. ఒక మొక్కను మట్టితో సహా తవ్వి, నీళ్లలో మెల్లగా కడిగి చూడండి. మామూలు ఇనుము లోపంలో వేళ్లు తెల్లగా, పొడవుగా ఉంటాయి. లోహ విషంలో వేళ్లు పొట్టిగా, మొద్దుబారి, గోధుమ రంగుకు తిరిగి, పక్క వేళ్లు లేకుండా ఉంటాయి.

వరిలో జింకు లోపమైతే నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకు మొదట్లో నడిమి ఈనె పాలిపోయి, ముదురు ఆకులపై తుప్పు రంగు మచ్చలు వస్తాయి, పైరు గుంపులు గుంపులుగా గిడసబారుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక: కాడ్మియం పైరును గిడసబార్చే స్థాయికి చేరకముందే, తినేవారికి హాని చేసే స్థాయిని దాటగలదు. పచ్చగా నిగనిగలాడే పాలకూర కట్ట సురక్షితమని చెప్పడానికి ఆ నిగనిగ రుజువు కాదు.

6. నేల సిద్ధం చేయడం: ఏ లోహానికి ఏది

ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. కాడ్మియానికి పనికొచ్చే చికిత్స ఆర్సెనిక్‌కు ఎదురు తిరగవచ్చు.

సున్నం. ఉదజని సూచిక 6.5 కంటే తక్కువైన ఎర్ర, ఇసుక నేలల్లో సున్నం వేస్తే కాడ్మియం, సీసం, నికెల్, జింకు కదలిక తగ్గుతుంది. మోతాదును సున్నం అవసర పరీక్ష చేయించి నిర్ణయించాలి. ఉదజని సూచిక 7.5 దాటిన నేలలో సున్నం వేయడం వృథా. పైగా ఇనుము, జింకు లోపాలు ముదురుతాయి. ఆర్సెనిక్, ఆరు సంయోజకత గల క్రోమియం ఉన్న నేలలో సూచిక పెరిగితే వాటి కదలిక కూడా పెరుగుతుంది.

జిప్సం. మురుగునీటి సోడియం వల్ల నేల బిగుసుకుని చౌడుబారితే జిప్సం వేయాలి. అది సున్నానికి ప్రత్యామ్నాయం కాదు, ఉదజని సూచికను పెంచదు. ఎరువుల కర్మాగారాల ఉప ఉత్పత్తిగా వచ్చే ఫాస్ఫో జిప్సంలో కాడ్మియం ఉండే వీలుంది గనుక దాని విశ్లేషణ అడిగి తీసుకోవాలి.

సేంద్రియ ఎరువు. ఎకరాకు 4 నుంచి 5 టన్నుల బాగా మాగిన పశువుల ఎరువు దాదాపు అన్ని లోహాలకూ మేలు చేస్తుంది, ఆరు సంయోజకత గల క్రోమియాన్ని తక్కువ హాని గల రూపానికి మారుస్తుంది కూడా. మాగని ఎరువు వేస్తే దాని నుంచి కరిగి వచ్చే సేంద్రియ ఆమ్లాలు రాగిని, సీసాన్ని పట్టుకుని కదిలిస్తాయి. చేతిలో నలిపితే పొడిగా రాలి, పెంట వాసన లేకుండా ఉన్నదే వేయండి. కోళ్ల ఎరువులో దాణా నుంచి వచ్చే రాగి, జింకు ఎక్కువగా ఉంటాయి గనుక అవి ఇప్పటికే ఎక్కువున్న నేలలో దాన్ని తగ్గించాలి.

పట్టణ కంపోస్టు. కొనేటప్పుడు విశ్లేషణ పత్రం అడగండి. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కిలోకు గరిష్ఠంగా కాడ్మియం 5, సీసం 100, క్రోమియం 50, నికెల్ 50, ఆర్సెనిక్ 10, రాగి 300, జింకు 1000, పాదరసం 0.15 మి.గ్రా. మించకూడదు.

భాస్వరం. సీసం ఉన్న నేలలో భాస్వరం దానితో కలిసి కరగని ఖనిజంగా మారుస్తుంది. ఆర్సెనిక్ ఉన్న నేలలో అదే భాస్వరం, మట్టి రేణువులను అంటిపెట్టుకున్న ఆర్సెనిక్‌ను తోసి బయటికి తెస్తుంది. అక్కడ సిఫారసుకు మించి గుప్పెడు కూడా వేయకండి.

7. ఎరువులు వేసే వరుస

మొదట జింకు. లభ్య జింకు 0.6 కంటే తక్కువ ఉంటేనే ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు ఆఖరి దమ్ములో వేయాలి, మూడు పంటలకు ఒకసారి చాలు. భాస్వరం ఎరువుతో కలిపి వేయకుండా కనీసం మూడు రోజుల ఎడం ఇవ్వాలి. పైరుపై లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున ఐదు రోజుల వ్యవధిలో రెండు మూడుసార్లు పిచికారీ చేయాలి. ఈ పని లోపం తీర్చడంతో పాటు కాడ్మియాన్ని కూడా తగ్గిస్తుంది. కాని మురుగునీటితో జింకు ఇప్పటికే పేరుకున్న నేలలో అదనపు జింకు మరో భార లోహమే అవుతుంది. "జింకు వేస్తే కాడ్మియం తగ్గుతుందట" అన్న ఒక్క మాట పట్టుకుని బస్తాలు మోయించే దుకాణదారుల దగ్గర మీ పరీక్ష నివేదికను ముందు పెట్టండి.

తరువాత ఇనుము. లేత ఆకులు పాలిపోతే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, సాయంత్రం వేళ ఆకులు తడిసేలా చల్లాలి. ద్రావణాన్ని అప్పటికప్పుడే కలుపుకోవాలి. తుప్పు రంగుకు తిరిగిన ద్రావణం పనిచేయదు.

పొటాష్. క్లోరైడు కాడ్మియంతో కలిసి సులభంగా కదిలే రూపాన్ని ఏర్పరుస్తుంది. నీరు ఇప్పటికే ఉప్పగా ఉన్నచోట కూరగాయలకు క్లోరైడు రూపమైన మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌కు బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడటం మంచిది. ఖర్చు ఎక్కువే, అందుకే లవణ పరిమాణం ఎక్కువున్న మడులకే పరిమితం చేసుకోవచ్చు.

నత్రజని. అమ్మోనియం సల్ఫేటు, అమ్మోనియం క్లోరైడు వేరు చుట్టూ ఆమ్లత్వాన్ని పెంచి కాడ్మియాన్ని కరిగిస్తాయి. మెట్ట కూరగాయలకు ఇవి వద్దు. నీటిలో వచ్చే నత్రజనిని మినహాయించి, మిగిలినది మూడు నాలుగు దఫాలుగా ఇవ్వండి.

8. వరి మడిలో నీటి యాజమాన్యం

మడిలో నీరు నిలిస్తే కాడ్మియం గంధకంతో కలిసి కరగని రూపానికి మారుతుంది. అదే సమయంలో ఇనుప ఆక్సైడ్లు కరిగి, వాటిని పట్టుకుని ఉన్న ఆర్సెనిక్ విడుదలవుతుంది. మడి ఆరితే దీనికి సరిగ్గా వ్యతిరేకం. కాబట్టి రెండు లోహాల్లో ఏది ఎక్కువో తేలనిదే నీటి పద్ధతి నిర్ణయించకూడదు.

- కాడ్మియం సమస్య అయితే: ఈనికకు ముందు మూడు వారాలు, తరువాత మూడు వారాలు మడిలో పలుచగా నీరు నిలపాలి.
- ఆర్సెనిక్ సమస్య అయితే: తడి, పొడి పద్ధతిలో నీరు ఇంకిన తరువాతే మళ్లీ పెట్టాలి. పూత దశలో మాత్రం బెట్టకు రానీయకూడదు.
- రెండూ ఉంటే: పిలకల దశలో ఆరబెట్టి, ఈనిక చుట్టూ నీరు నిలిపి, సిలికాన్ అందేలా ఊక బూడిద వేసి, గింజను తప్పనిసరిగా పరీక్షించాలి.

9. పంట ఎంపిక

నేల పరీక్షలో అంకెలు మధ్యస్థంగా వచ్చిన రైతుకు అతి తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చే మార్పు ఇదే. పాలకూర, తోటకూర, ముల్లంగి, క్యారెట్, ఆవ వంటివి కాడ్మియాన్ని బాగా పోగుచేస్తాయి. పొద్దుతిరుగుడు గింజ, పొగాకు కూడా అంతే. బీర, సొర, దోస, చిక్కుడు వంటి కాయలకు, గింజలకు చేరేది తక్కువ. బంతి, చామంతి, ఆముదం వేస్తే లోహం తిండిలోకి రాదు.

మొగ దగ్గరి మడిలో పూలు, మడి చివర తీగ కూరగాయలు వేసుకోవడం ఆచరణలో సాధ్యమే. పారాగడ్డిని మాత్రం "తిండి పంట కాదు కదా" అని వదిలేయకూడదు. గేదె తిన్న గడ్డిలోని సీసంలో కొంత పాలలోకి వస్తుంది.

10. కోత, కడగడం, పంట పరీక్ష

కోతకు ముందు వారం రోజులు మురుగునీటికి బదులు వీలైతే బోరు నీరు పెట్టండి. కోసిన ఆకుకూరను కాలువలో కడగకండి, శుభ్రమైన నీటిలో రెండుసార్లు ముంచి తీయండి. దుమ్ముతో పడిన సీసం చాలావరకు పోతుంది. ఆకు లోపల ఉన్న కాడ్మియం ఎంత కడిగినా పోదు.

పరీక్షకు పంపేటప్పుడు తినే భాగాన్నే పంపాలి. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలైన కోడెక్స్ ప్రకారం కిలోకు మి.గ్రా.లలో ఆకుకూరల్లో కాడ్మియం 0.2, సీసం 0.3, పాలిష్ చేసిన బియ్యంలో కాడ్మియం 0.4, అకర్బన ఆర్సెనిక్ 0.2 మించకూడదు.

ఆకుకూరల పరిమితి పచ్చి బరువుకు చెప్పినది. ప్రయోగశాల నివేదిక మాత్రం తరచుగా ఎండు బరువుకు ఉంటుంది. ఉదాహరణకు పాలకూరలో ఎండు బరువుకు 1.8 మి.గ్రా. కాడ్మియం వచ్చి, నీటి శాతం 91 ఉందనుకుంటే, పచ్చి బరువుకు అది 1.8 × 0.09 = 0.16. పరిమితికి లోపలే ఉంది. ఈ మార్పిడి చేయకుండా 1.8ని 0.2తో పోల్చి పంట దున్నేయడమూ తప్పే, పచ్చి బరువుకు ఇచ్చిన అంకెను మళ్లీ తగ్గించి చూసుకుని అమ్మేయడమూ తప్పే. నివేదికలో ఏ బరువో రాయించుకోండి, నీటి శాతం కూడా అడగండి.

11. మళ్లీ పరీక్షలు ఎప్పుడు

- నీరు: ఏడాదికి రెండుసార్లు, వానాకాలంలో వరద తగ్గాక ఒకటి, ఎండాకాలంలో కాలువలో నీరు తగ్గినప్పుడు ఒకటి. ఎండాకాలపు అంకెనే ఆధారంగా తీసుకోవాలి.
- ఉదజని సూచిక, లవణ పరిమాణం, లభ్య జింకు, ఇనుము: ఏటా ఒకసారి.
- మొత్తం లోహాలు: మూడేళ్లకు ఒకసారి, ప్రతిసారీ అదే చోట్ల నుంచి, అదే ప్రయోగశాలలో.
- తినే భాగం: కొత్త పంట వేసిన ప్రతిసారీ మొదటి కోతలో.
- కాలువ పైన కొత్త పరిశ్రమ వచ్చినా, నీటి రంగు, వాసన మారినా: గడువు కోసం ఆగకుండా, నీరు మారిన రోజునే ఒక సీసా పట్టి, తేదీ రాసి భద్రపరచి, ఆ నీటిని మడిలోకి వదలకుండా మొగ మూసేయాలి.